మతం గడి

మా బడిలో అన్నం వండే బాలమణికి పప్పులో ఉప్పు ఎక్కువైందని చెప్పే అవకాశం నాకు ఒక్కరోజు కూడా రాలేదు. తప్పులు పట్టడం నా ఉద్యోగం. మా ఆవిడను అడిగితే అది నా జబ్బు అంటుంది. అలాంటి నేను ఆమె వంటలో ఏ తప్పూ దొరక్క, చివరికి ఆమె బతుకులోనే ఒక చిక్కు రాసిపెట్టాను. నీలి సిరాతో, గుండ్రటి అక్షరాలతో, గడి దాటకుండా రాశాను.

నా పేరు సురేందర్. పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు మధ్య. ఉద్యోగం వచ్చాక కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాను. కథలాపూర్ మండలంలో ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరుగా వెళ్లాను. మధ్యలో కొన్నేళ్లు వేరే ఊరికి బదిలీ అయినా, మళ్లీ ఆ బడినే కోరుకుని వచ్చి, పోయిన ఏడాది అక్కడే రిటైరయ్యాను. ఎందుకు మళ్లీ అదే ఊరు అని తోటి టీచర్లు అడిగితే, అక్కడ అన్నం బాగుంటుందని చెప్పేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. నేను మాత్రం నిజమే చెప్పాను.

బాలమణి పొద్దున ఎనిమిదిన్నరకే వచ్చేది. వంటగది వెనక కట్టెలు పేర్చి, పొయ్యి రాజేసి, బియ్యంలో రాళ్లు ఏరుతూ గేటు వైపు చూస్తుండేది. ఏ పిల్ల ఇంట్లో తినకుండా వచ్చిందో నడక చూసి చెప్పేది. మధ్యాహ్నం ఆ పిల్ల కంచంలో ఒక గరిటె ఎక్కువ పడేది. గుడ్డు పెట్టే రోజు చిన్న గుడ్డు వచ్చిందని ఏడ్చేవాళ్లకు, "రేపటిది పెద్దది నీదే తీ" అని చెప్పి, రేపు నిజంగానే గుర్తుపెట్టుకునేది. సన్నగా, ఎత్తుగా ఉండేది. నుదుట బొట్టు ఉండేది కాదు. సాయంత్రం ఇంటికి వెళ్లి బీడీలు చేసేది. భర్త ప్రభాకర్ మస్కట్‌లో కట్టడాల పనిలో ఉండేవాడు. ఇంట్లో అత్త నాగవ్వ, కూతురు అక్షిత. వాళ్ల ఇల్లు ఊరికి పడమట, ఎస్సీ వాడలో ఉండేది.

ఆమె వంటకు కుదిరిన కొత్తలో ఊళ్లోపలి కొన్ని ఇళ్ల పిల్లలు డబ్బాల్లో అన్నం తెచ్చుకోవడం మొదలుపెట్టారు. కారణం ఎవరూ పైకి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. నేను కంచం పట్టుకుని వరండాలో, అందరికీ కనిపించేలా కూర్చుని బాలమణి వడ్డించిన అన్నం తిన్నాను. నెల తిరిగేసరికి డబ్బాలు మానేశారు. ఆ సంగతి నేను కోరుట్ల, జగిత్యాల మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. రెండో సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మా బడిలో ఏటా వసంత పంచమికి సరస్వతీ పూజ చేసేవాళ్లం. చిన్న పిల్లలకు పలక మీద అక్షరాలు దిద్దించి, ప్రసాదం పంచేవాళ్లం. ఆ ఏడు బడి కమిటీ పెద్దమనిషి వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "అన్నమంటే అన్నం సార్, తిన్నరు. ప్రసాదం మాత్రం ఇంకో ఆమెతోని వండిపియ్యిండ్రి." నేను కాదనలేదు. ఇంకో ఆమె అంటే రెండో వంటమనిషి సంగీత, ఊరి నడిబజారులో ఒక ఇంటి కోడలు. బాలమణిని పిలిచి నేను చాలా మర్యాదగా, ఆమె మేలు కోరుతున్నట్టు చెప్పాను. "నువ్వు చర్చికి పోతవు కద బాలమణీ, ఇదేమో అమ్మవారి ప్రసాదం, నీకు ఇబ్బంది గద. నువ్వు మామూలు వంట చూసుకో, ప్రసాదం సంగీత వండుతది."

"సరే సార్" అంది.

అంతే. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే ఆనవాయితీ అయింది. ఆమె మతాన్ని గౌరవించానని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మాను కూడా.

ఆమె చర్చికి పోవడం వెనక కథ చిన్నదే. అక్షితకు మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి, జగిత్యాల ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. ప్రభాకర్ రాలేడు. చుట్టాలు తొంగిచూసి వెళ్లారు. వాడలో ఉండే సమ్మవ్వ మాత్రం పదకొండు రోజులూ బాలమణి పక్కనే నేల మీద పడుకుంది. ఆమె అప్పటికే చర్చిలో ఉంది. పిల్ల బాగయ్యాక బాలమణి సమ్మవ్వ వెంట చర్చికి వెళ్లింది, తర్వాత బాప్తిస్మం తీసుకుంది. సెలవు దొరికినప్పుడు ప్రభాకర్ కూడా తీసుకున్నాడు. నాగవ్వ కోడలితోపాటే తీసుకుంది గాని, కోడి జబ్బు పడితే పోచమ్మకే చెప్పుకునేది. జ్వరం మందులతో తగ్గిందా, ప్రార్థనతో తగ్గిందా అని నేను ఒకసారి వెటకారంగా అడిగాను.

"మందులు డాక్టర్ ఇచ్చిండు సార్. నేను ఏడ్సుకుంట కూసుంటె అన్నం దెచ్చింది సమ్మవ్వ. ఆమె యేసయ్య పేరు మీదనే అచ్చింది. నేను గది ఎట్ల మర్సిపోత?"

జవాబు లేనప్పుడు నాకు కోపం వస్తుంది.

ఇక అసలు తప్పు దగ్గరికి వస్తాను. రెండువేల పద్నాలుగు జూన్‌లో అక్షితను ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చింది. ప్రవేశాల రిజిస్టర్లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మతం, అన్నిటికీ గళ్లు ఉంటాయి. నాకంటే ముందున్న హెడ్మాస్టరు మతం గడి దగ్గర ఎవరినీ అడిగేవాడు కాదు. పై గడిలో ఉన్నదే కింద కూడా అన్నట్టు "హిందూ, హిందూ" అని దించుకుంటూ పోయేవాడు. వాడలో చర్చికి పోయే ఇళ్లు ఏడెనిమిది ఉన్నాయి. ఆదివారం అందరికంటే గట్టిగా పాడే సమ్మవ్వ పిల్లలు కూడా ఆ రిజిస్టర్లో హిందువులే.

నేను అడిగాను. "మతం కాడ ఏం రాయాలె బాలమణీ?"

ఆమె పిల్ల జడ సవరిస్తూ, "మేం యేసయ్యను నమ్ముకున్నం సార్" అంది.

క్రిస్టియన్ అని రాశాను. ఉన్నది ఉన్నట్టు రాసే మనిషినని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. కానీ ఆ రోజు నా చెయ్యి కలం మీద కొంచెం గట్టిగానే పడింది. మతం మారి కూడా రిజర్వేషన్లు వాడుకుంటున్నారని స్టాఫ్ రూములో చాయ్ తాగుతూ అనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని. ఈ ఒక్కటైనా సరిగ్గా రాసిపెడదామని లోపల ఎక్కడో అనిపించింది. దాని ఫలితం ఏమవుతుందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

అక్షిత మా బడిలో ఐదు దాకా చదివింది. చురుకైన పిల్ల. ఒకసారి పుస్తకం మొదట్లో ఉన్న రాజ్యాంగ పీఠిక చదివి, "సార్, లౌకిక అంటె ఏంది?" అని అడిగింది. ప్రభుత్వానికి ఏ మతమూ ఉండదు, అందరూ సమానమే అని చెప్పాను. ఆ పిల్ల నా తల మీదుగా గోడ మీది సరస్వతి పటాన్ని చూసి, "మరి మన బడికి?" అంది. పాఠం తర్వాత చెబుతాను కూర్చో అన్నాను. ఆ తర్వాత చెప్పలేదు.

నేను రాసిన మాట టీసీ మీద ఎక్కి ఆమె వెంట మండలంలోని హైస్కూలుకు వెళ్లింది, పదో తరగతి దాకా నడిచింది. ఇన్నేళ్లూ ఎవరూ చూడలేదు. పదిలో మంచి మార్కులు వచ్చాయి. ప్రవేశ పరీక్ష రాసింది. రెండో విడత జాబితాలో సిరిసిల్ల వైపు ఉన్న ఒక గురుకుల కాలేజీలో బైపీసీ సీటు వచ్చింది. హాస్టల్, తిండి, పుస్తకాలు అన్నీ ఉచితం. బాలమణి ఆ రోజు బడి పిల్లలందరికీ బెల్లం ముక్క పంచింది. నర్సు చదువుతుందా, డాక్టరు చదువుతుందా అని సంగీత అడిగితే, "ఏదైన సదువని అక్కా, నా లెక్క బీడీల చాట మాత్రం పట్టద్దు" అంది.

సీటుకు కొత్త కుల ధ్రువీకరణ పత్రం కావాలి. మీసేవలో అర్జీ పెట్టుకున్నారు. వారం తర్వాత మండలం నుంచి గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, మా బడికి వచ్చి, పాత రిజిస్టర్ తీయించి, నా రాత మీద వేలు పెట్టాడు.

"గిది మీ రాతేనా సార్?"

"నా రాతే."

"కులం కాడ ఎస్సీ, మతం కాడ క్రిస్టియన్. గీ రెండు ఒక్కకాడ కుదరయి సార్. చట్టం ప్రకారం ఎస్సీ అన్నంక హిందువన్న కావాలె, సిక్కన్న కావాలె, బౌద్ధుడన్న కావాలె. క్రిస్టియన్లకైతె బీసీ-సి సర్టిఫికెట్ ఇస్తం. గా పిల్లకు అచ్చిన సీటేమో ఎస్సీల."

"ఊళ్లె వాళ్లను ఎవరన్న క్రిస్టియన్ల లెక్క చూస్తరా? ఎస్సీల లెక్కనే చూస్తరు కద" అన్నాను. నాకే నవ్వొచ్చింది, ఆ మాట నా నోటి నుంచి రావడం విని.

"ఊరు చూసుడు వేరు సార్, కాయిదం చూసుడు వేరు" అన్నాడు. చెడ్డవాడు కాదు. రిజిస్టర్ మూయకుండానే ఒక దారి చెప్పాడు. ఆ కుటుంబం మళ్లీ హిందూ మతంలోకి వచ్చినట్టు, కులపోళ్లు కలుపుకున్నట్టు రుజువు ఉంటే రిపోర్టు రాయవచ్చు. "ఎట్లయిన ఆషాఢం బోనాలచ్చినయి. అందరి ముందట పోచమ్మకు బోనం ఎత్తుమనుండ్రి. కుల సంఘం పెద్దమనిషి సంతకం పెట్టాలె. నేనచ్చి పంచనామా రాసుకుంట. కాలేజీల చేరేటందుకు ఇంక పదిహేను రోజులే ఉన్నది, ఆలోచన చేసుకోమనుండ్రి."

అతను వెళ్లాక నేను రిజిస్టర్ ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెబితే అతిశయోక్తి, పట్టింది. కానీ పొద్దున లేవగానే మొదట గుర్తొచ్చింది అదే.

మర్నాడు బాలమణిని ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాను. రిజిస్టర్ తెరిచి చూపించాను. నా చేతిలో బ్లేడు ముక్క ఉంది. "గీకి, హిందూ అని రాస్త. సిరా కూడ గా రంగుదే ఉన్నది. మండలం ఆఫీసుల నేను మాట్లాడుకుంట" అన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క అక్షరం దిద్దని మనిషిని.

ఆమె బ్లేడు వైపు చూసి, గడి వైపు చూసింది. చదవడం రాదు. "గీ సుక్క మాటనేనా సార్, గింత పని చేసింది?" అంది.

"గదే."

"మీరు అడిగిన్రు, నేను చెప్పిన. అండ్ల అబద్దమేం లేకపాయె." రిజిస్టర్ మూసింది. "గీకకున్రి సార్. గిర్దావర్ సార్ సూసి పోయిండు కద, దొరుకుతరు. పించను ముందట మీకెందుకు గా పని?"

"మరేం చేస్తవు?"

"బోనం ఎత్తుకుంట."

"మరి నీ దేవునికి..." అని మొదలుపెట్టాను.

"ఆయనకు నేనే చెప్పుకుంట సార్. మీరేం రాయకున్రి."

అది నన్ను ఎత్తిపొడవడమో, నిజంగానే భయపడి చెప్పడమో నాకు ఇప్పటికీ తెలియదు. బ్లేడు సొరుగులో పెట్టేశాను. అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది. తెలిసే రాశాను బాలమణీ, నన్ను క్షమించు అని. అది చెప్పలేదు. వెళ్లి పిల్లల చేత ఎక్కాలు చదివించాను.

ఇంట్లో ఏం జరిగిందో ఆమె తర్వాత చెప్పింది. అక్షిత ఒప్పుకోలేదు. "నాకు గా సీటు వద్దమ్మా. బీసీల రాపిచ్చుకుంట, మళ్లచ్చే ఏడు చూద్దాం" అని మొండికేసింది. చర్చిలో చిన్న పిల్లలకు పాటలు నేర్పేది ఆ పిల్లే. "మళ్లచ్చే ఏడు నువ్వు నా పక్కపొంటి కూసోని బీడీలు చేస్తవు" అని తల్లి కసిరింది. ప్రభాకర్ మస్కట్ నుంచి ఫోన్ చేసి, "పిల్ల సదువు కంటె ఎక్కువనా, ఎత్తుకో" అన్నాడు. అని, ఫోన్ మాత్రం వెంటనే పెట్టేయలేదట. నాగవ్వ మాత్రం మంచం దిగి, కొత్త కుండ కుమ్మరి దగ్గర తేవాలని, పాత కుండ పనికిరాదని చెప్పడం మొదలుపెట్టింది. అరవై మందికి వండే కోడలికి బోనం అన్నం ఎట్లా వండాలో అత్త దగ్గరుండి చెప్పింది. పన్నెండేళ్లలో బాలమణి అన్నీ మర్చిపోయింది. వేపాకు కట్టేటప్పుడు రెండుసార్లు జారిపోయిందట.

బోనాలు ఆదివారం పడ్డాయి. చర్చి కూడా ఆదివారమే. నాకు సెలవు. అయినా బండేసుకుని కోరుట్ల నుంచి వెళ్లాను. వెళ్లి చేసేదేమీ లేదు. దొంగ తాను దోచిన ఇంటి చుట్టూ తిరిగినట్టు తిరిగాను.

వాడ నుంచి పోచమ్మ గుడికి పోవాలంటే చర్చి ముందు నుంచే పోవాలి. చర్చి అంటే రేకుల షెడ్డు, ముందు చిన్న వరండా. లోపల పాట సాగుతోంది. దారిన డప్పులు వస్తున్నాయి. వాడ ఆడవాళ్లు ఆరుగురు బోనాలతో నడుస్తున్నారు, చివరన బాలమణి. పసుపు రంగు చీర, నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ. ఆమెను బొట్టుతో చూడటం నాకు అదే మొదలు. ఎవరో తెలియని మనిషిలా కనిపించింది. తల మీద కుండ, కుండ మీద దీపం. రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కళ్లు నేల మీదే ఉన్నాయి. అక్షిత రాలేదు, ఇంట్లో తలుపేసుకుంది.

చర్చి ముందుకు రాగానే డప్పులవాళ్లు పంతానికో, మామూలుగానో గానీ గట్టిగా కొట్టారు. లోపల పాట ఆగలేదు. సమ్మవ్వ బయటికి వచ్చింది. తెల్ల చీర, చేతిలో పాటల పుస్తకం. ఏమంటుందో అని చూశాను. ఆమె మెట్లు దిగి తిన్నగా బాలమణి దగ్గరికి వచ్చింది. కుండకు కట్టిన వేపమండ ఒకపక్క జారి ఉంది. పుస్తకం చంకలో పెట్టుకుని, ఆ మండ సరిగ్గా దోపి, "మెల్లగ పో బిడ్డా, దీపం పైలం" అంది. మళ్లీ మెట్లెక్కి లోపలికి పోయింది. బాలమణి తల తిప్పలేదు, తిప్పితే కుండ కదులుతుంది. చెంపల మీద మాత్రం నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గుడి దగ్గర ముందు ఊరి బోనాలన్నీ అయ్యాయి. అయ్యేదాకా వాడ బోనాలు వేపచెట్టు కింద నిలబడ్డాయి. అది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. రెండు గంటలు పట్టింది. చివరి బోనం బాలమణిది. గిర్దావర్ ఫోన్లో రెండు ఫోటోలు తీసుకున్నాడు. మొదటి దాంట్లో ఆమె ముఖం సరిగ్గా పడలేదని, "గిటు సూడమ్మా" అన్నాడు. ఆమె చూసింది. సంఘం పెద్దమనిషి రాజనర్సు గుడి అరుగు మీద కాగితం పెట్టి సంతకం చేసి, సంతోషంగా అన్నాడు.

"ఇగ నువ్వు మల్ల మనదానివైనవు బిడ్డా."

"ఎన్నడు కాకుంటి మామా?" అంది బాలమణి.

అందరూ నవ్వారు. రాజనర్సు కూడా నవ్వాడు. నేను బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

ఐదో రోజు సర్టిఫికెట్ వచ్చింది. ఆఖరు తేదీకి ముందే తల్లీకూతుళ్లు బస్సులో సిరిసిల్ల వైపు వెళ్లారు. కాలేజీ గేటు దగ్గర పెట్టె దించుకుని అక్షిత అంది.

"అమ్మా, ఇగనన్న గా బొట్టు తుడుసుకో."

"ఇంటికి పోయినంక తుడుస్త. గిక్కడ ఎవరన్న సూస్తరు."

ఇంటికి వచ్చాక కూడా తుడుచుకోలేదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే మళ్లీ విచారణ జరగొచ్చని గిర్దావర్ చెప్పి ఉన్నాడు. పిల్ల రెండేళ్లు చదవాలి, ఆ తర్వాత ఇంకా చదవాలి. బాలమణి చర్చికి పోవడం మానేసింది. రమ్మని సమ్మవ్వ రెండుసార్లు వచ్చి అడిగింది. పాస్టరు ఏమీ అనడని కూడా చెప్పింది. "అయ్యగారు అనడు, నాకెరికే సార్. పోతె ఎవరన్న ఫోటో తీస్తరని బుగులైతది" అని నాతో అంది, కూరగాయలు తరుగుతూ. ఆదివారం పూట ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతుందట. పాటలు అక్కడిదాకా వినిపిస్తాయట. ఆమె ఇంటికీ ఆ రేకుల షెడ్డుకూ మధ్య నాలుగు ఇళ్లే.

నేను ఏదో ఒకటి చేయాలనుకున్నాను. గురుకులంలో అక్షితకు బ్యాగు కొనిచ్చాను. రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను. పిల్ల నమస్కారం పెట్టింది, చదువు ఎట్లా ఉందంటే బాగుందంది. లౌకిక అంటే ఏమిటని మళ్లీ అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు.

మాఘమాసం వచ్చింది. వసంత పంచమి. నా ఉద్యోగంలో అది చివరి పూజ. పొద్దున్నే వెళ్లేసరికి బడి కడిగి, మామిడాకులు కట్టి ఉన్నాయి. సంగీత ఇంకా రాలేదు. ప్రసాదం గిన్నె తోమి వంటగది గడప పక్కన బోర్లించి ఉంది. బియ్యం సంచి మూతి కట్టినట్టే ఉంది. వరండా మెట్ల దగ్గర బాలమణి నిలబడి ఉంది. తలస్నానం చేసింది, జుట్టు ఇంకా తడిగా ఉంది. బోనం రోజు కట్టిన పసుపు చీరే కట్టింది. బొట్టు పెట్టుకుంది.

"సార్" అంది.

"ఏంది బాలమణీ?"

"ఈయేడు ప్రసాదం నేను వండుదునా?"

నేను ఆమె ముఖంలోకి చూశాను. వెటకారం లేదు, కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "చర్చికి పోతవు, నీకు ఇబ్బంది అని చెప్పిండ్రు కద సార్ అప్పట్ల. ఇప్పుడు పోతలేను. గిర్దావర్ సార్ కాయిదంల హిందువు అనే రాసిండు. బోనమన్నం వండిన, ఇది వండరాదా?"

గేటు దగ్గర కమిటీ పెద్దమనిషి కొబ్బరికాయల సంచితో స్కూటర్ దిగుతున్నాడు. మనవడి చేత పలక పట్టించి తీసుకొచ్చాడు. నాకు ఇంకా నాలుగు నెలల ఉద్యోగం ఉంది. వండు అని ఒక్క మాట అంటే ఏమవుతుంది? వాళ్లు ప్రసాదం తినకుండా పోతారు, ఒకరోజు గొడవ అవుతుంది. అంతే. పూర్వం వరండాలో కంచం పట్టుకుని కూర్చున్న మనిషిని నేనే. నోరు తెరిచాను.

"సంగీత అప్పుడే బియ్యం కడిగింది బాలమణీ" అన్నాను.

ఆమె తల తిప్పి, గడప పక్కన బోర్లించిన గిన్నెను చూసింది. కట్టిన సంచి మూతిని చూసింది. నేనూ చూశాను. ఇద్దరం ఒకేసారి చూశాం.

"సరే సార్" అంది.

వంటగది వెనక్కి వెళ్లి, రోజూలాగే కట్టెలు పేర్చి పొయ్యి రాజేసింది. మధ్యాహ్నం నాకు అన్నం తనే వడ్డించింది, పప్పు తనే పోసింది. ఉప్పు సరిగ్గానే ఉంది. పూజ అయ్యాక సంగీత దొన్నెలో ప్రసాదం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

ఆ రోజు నేను ప్రసాదం తినలేదు. ఎవరూ గమనించలేదు.